ఘాట్ ఎక్కితేనే బయటపడే జబ్బు: ఫోన్‌లో ఇంజిన్ డేటా పెట్టుకుని టర్బో పైపు లీకు పట్టిన కేసు

బండి రెండున్నర లీటర్ల కామన్ రైల్ డీజిల్, ఏడు సీట్లది, 2015 మోడల్. హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌గా కొని ఓడీ-10 (కొరాపుట్) నంబర్‌కి మార్పించుకున్నారు. సునాబెడ నుంచి విజయనగరం, విశాఖ ట్రిప్పులు తిరుగుతుంది. కంప్లయింట్ ఒక్కటే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు సగం దారిలో పికప్ పడిపోతుంది, వెనక నల్లపొగ కొడుతుంది, కాసేపటికి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, ఆ తర్వాత బండి ఎంత తొక్కినా పాకుతున్నట్టే వెళ్తుంది. పక్కకి ఆపి కీ తీసి మళ్లీ వేస్తే మామూలైపోతుంది, ఓ రెండు మలుపులు బాగా లాగుతుంది, మళ్లీ అదే కథ. కింద రామభద్రపురం, గజపతినగరం రోడ్డు మీద వంద స్పీడ్‌లో పోయినా ఏ గొడవా లేదు.

నా దగ్గరికి, అంటే సిమిలిగుడలోని షెడ్డుకి, వచ్చేసరికే దాని మీద బోలెడు డబ్బు పోసి ఉన్నారు. డీజిల్ ఫిల్టర్ మార్చారు, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి తిప్పి పంపే ఈజీఆర్ విప్పి కడిగారు, ఎయిర్ ఫిల్టర్ కొత్తది, లోపలికెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ కూడా స్ప్రే కొట్టి శుభ్రం చేశారు. ఆఖరికి మైదానంలో ఓ వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టి పీ0299 కోడ్ చూపించి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి తోసే టర్బో పోయింది, మార్చాలి, నలభై వేల పైచిలుకు అవుతుందని చెప్పారట. డ్రైవర్ బాబాయ్‌కి ఆ టెన్షన్‌తోనే నిద్ర లేదు, బండి ఆయనదే, ఫైనాన్స్ ఇంకా తీరలేదు.

పీ0299 అంటే టర్బో ఇవ్వాల్సినంత ప్రెషర్ ఇంజిన్‌కి అందలేదని ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, చెబుతున్న మాట. అంతవరకే. టర్బో పాడైందని అందులో ఎక్కడా లేదు. పైపు చిరిగినా, క్లాంప్ వదులైనా, టర్బో ఒత్తిడిని సర్దే యాక్చుయేటర్‌కి వెళ్లే వాక్యూమ్ ట్యూబ్ పగిలినా, సైలెన్సర్ వైపు బ్లాక్ అయినా, ఇంజిన్ గుమ్మం దగ్గర గాలి ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సార్ నోటికి మసి పట్టినా ఇదే కోడ్ పడొచ్చు. కోడ్ చూసి పార్టు పేరు చెప్పేసే అలవాటు మన లైన్‌లో బాగా పెరిగిపోయింది, దాని బిల్లు మాత్రం కస్టమర్ కడుతున్నాడు.

అసలు చిక్కేంటంటే ఈ జబ్బు షెడ్డులో కనిపించదు. న్యూట్రల్‌లో పెట్టి ఎంత రేస్ చేసినా టర్బో మీద లోడ్ పడదు, లోడ్ లేకపోతే ప్రెషర్ పెరగదు, ప్రెషర్ పెరగకపోతే లీకున్నా తెలీదు. నా దగ్గర వైరు స్కానర్ ఉంది, మంచిదే, కానీ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఘాట్ మలుపుల్లో కూర్చోవడం కన్నా, బండిలో స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టుకి బ్లూటూత్ అడాప్టర్ తగిలించి ఫోన్‌లో రికార్డ్ పెట్టేసి, కిందికి దిగి మళ్లీ పైకెక్కి, తీరిగ్గా గ్రాఫ్ చూసుకోవడం నయం. ఆ మాట చెబితే బాబాయ్ నా వంక అదోలా చూశాడు.

“ఏటి మేస్త్రీ, ఫోను జూసి రోగం జెప్పేస్తావేటి?”

“ఫోను చెప్పదు బాబాయ్, బండే చెబుతాది. ఫోను రాసుకుంటాది అంతే,” అన్నాను.

ముందు అడాప్టర్ సంగతి, ఎందుకంటే సగం మంది ఇక్కడే దెబ్బతింటారు. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల పైన ఎక్కడో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో 16వ పిన్ను బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ప్లస్, 4, 5 ఎర్త్, 6, 14 ఈసీయూ మాట్లాడే క్యాన్ లైన్లు, 7 పాత బండ్లలో అందుకే ఉండే కే-లైన్. బజార్‌లో దొరికే చిన్న అడాప్టర్లలో చాలా వరకు ఈఎల్‌ఎం 327 అనే చిప్‌కి నకళ్లు. అసలు చిప్ కెనడాలోని ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ వాళ్లది, ఆ కంపెనీ 2022లో మూసేశారు. మీద వెర్షన్ 1.5 అని రాసి అమ్మేవి ఉంటాయి చూడండి, ఆ కంపెనీ 1.5 అనే వెర్షనే ఎప్పుడూ తీయలేదు. అయినా వాటిలో పనిచేసేవి ఉన్నాయి. 2.1 అని వచ్చే వాటిలో కొన్ని మాత్రం సగం కమాండ్లకి జవాబే ఇవ్వవు, కనెక్ట్ అయినట్టే అయి మధ్యలో చస్తాయి. మూడొందల రూపాయల దానితో ఇంట్లో సరదాకి చూసుకోవచ్చు గానీ, లాగ్ (రికార్డ్ చేసిన అంకెలు) తీసి దాని మీద నిర్ణయం తీసుకోవాలంటే రెండు మూడు వేలు పెట్టి కాస్త పేరున్నది కొనుక్కోవడమే మంచిది.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే మామూలు బ్లూటూత్ సరిపోతుంది, ముందు సెట్టింగ్స్‌లో పెయిర్ చెయ్యాలి, పిన్ 1234 గానీ 0000 గానీ అడుగుతుంది. ఐఫోన్‌కి ఆ పాత బ్లూటూత్ పనికిరాదు, బీఎల్ఈ (కొత్త రకం బ్లూటూత్) అడాప్టరో వైఫై అడాప్టరో కావాలి. వైఫైవి చాలా వరకు 192.168.0.10 అడ్రస్, 35000 పోర్టు మీద ఉంటాయి, యాప్ అడిగితే అదే కొట్టండి. యాప్‌ల్లో టార్క్ ప్రో, కార్ స్కానర్ రెండూ వాడతాను, ఈ కేసుకి టార్క్ వాడాను, అలవాటు కొద్దీ. వీటికి నెట్ అక్కర్లేదు, ఫోన్‌కీ అడాప్టర్‌కీ మధ్య జరిగే మాటలే. సుంకి ఘాట్ మీద సిగ్నల్ ఉందా లేదా అని చూసుకోవాల్సిన పని లేదు.

ఇంకో మాట మన ప్రాంతం వాళ్ల కోసం. మన దేశంలో బీఎస్4 (పొగ కాలుష్యం ప్రమాణం) కార్లకి ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. కానీ బీఎస్4 మొదట పెద్ద నగరాలకే వచ్చింది, దేశమంతటికీ తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి 2014, 15 మోడల్ బండి మన వైపే కొన్నదైతే అది బీఎస్3 అయ్యుండొచ్చు. సాకెట్ ఉన్నా ఈ మామూలు యాప్‌లకి జవాబు ఇవ్వకపోవచ్చు. అప్పుడు అడాప్టర్ పాడైందని తిరిగి పంపేయకండి, ముందు వేరే బండిలో పెట్టి చూడండి. ఈ బండి హైదరాబాద్‌ది కావడం వల్ల బీఎస్4, క్యాన్ మీద మాట్లాడేది, పెట్టగానే కలిసింది.

బయల్దేరే ముందే ఒక పని చెయ్యాలి, చాలామంది చెయ్యరు. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా, మ్యాప్ సెన్సార్ రీడింగ్ చూడాలి. ఇంజిన్ తిరగనప్పుడు, లోపలికి గాలి వెళ్లే మ్యానిఫోల్డ్‌లో ఉండేది బయటి గాలి ప్రెషరే, అంటే మ్యాప్ సెన్సార్ అప్పుడు వాతావరణ ప్రెషర్ చూపాలి. సిమిలిగుడ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఒడిశాలోనే ఎత్తైన దేవమాలి కొండ ఈ చుట్టుపక్కలే కదా, కాబట్టి ఇక్కడ 91 కిలోపాస్కల్ రావాలి. ఫోన్‌లో 91 వచ్చింది. సెన్సార్ నిజం చెబుతోందని అక్కడికక్కడే తేలిపోయింది, పైసా ఖర్చు లేకుండా.

అదే స్క్రీన్ మీద టర్బో బూస్ట్ అని ఇంకో డయల్ పెట్టుకుంటారు అందరూ, చూడ్డానికి బావుంటుంది కాబట్టి. అది మైనస్ 10 చూపిస్తోంది. ఇంజిన్ ఆగి ఉండగా మైనస్ బూస్ట్ ఎక్కడి నుంచి వస్తుంది? యాప్ ఆ అంకెని సెన్సార్ నుంచి తీసుకోవడం లేదు, మ్యాప్‌లోంచి వాతావరణ ప్రెషర్ తీసేసి తనే లెక్క వేస్తోంది. బండి వాతావరణ ప్రెషర్ విడిగా ఇవ్వకపోతే సముద్రమట్టం దగ్గర ఉండే 101ని పట్టుకుని తీసేస్తుంది. 91లోంచి 101 పోతే మైనస్ 10. విశాఖలో కూర్చుని చూసేవాడికి ఈ తేడా ఎప్పటికీ తెలీదు. కొరాపుట్ జిల్లాలో మాత్రం ప్రతి రీడింగూ పది తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మితే బాగున్న టర్బో కూడా నీరసంగానే కనిపిస్తుంది. అందుకే బూస్ట్ డయల్ తీసేసి మ్యాప్ ఒక్కటే పెట్టుకోవాలి, అది ఎక్కడైనా ఒకే లెక్క. మ్యాప్‌కి ఓబీడీలో ఒక్క బైటే ఇచ్చారు కాబట్టి 255 కిలోపాస్కల్ దాటి చూపలేదన్నది కూడా గుర్తుంచుకోండి. ఈ బండి అంత దూరం పోదు, సరిపోతుంది.

తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ చూశాను. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ పరిస్థితి ఏంటో ఈసీయూ ఒక ఫొటో తీసి పెట్టుకుంటుంది. చాలా వర్క్‌షాపుల్లో దాన్ని చూడకుండానే ముందు కోడ్ కొట్టేస్తారు, అంటే చెరిపేస్తారు, కోడ్ కొడితే అదీ పోతుంది. బాబాయ్ అదృష్టం కొద్దీ నిన్నటి ట్రిప్‌లో పడింది ఇంకా ఉంది. ఆర్‌పీఎం 2380, స్పీడ్ 38, లోడ్ 96 శాతం, కూలెంట్ 91 డిగ్రీలు. అంటే మూడో గేర్‌లో పూర్తిగా తొక్కి ఏటవాలు ఎక్కుతుండగా పడింది, ఇంజిన్ వేడెక్కి కాదు. కూలెంట్ లెక్క ఎలా వస్తుందో సరదాకి చెబుతాను. బండి పంపేది 41 05 83 లాంటి మూడు ముక్కలు. ఆఖరి 83 హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో, మన లెక్కలో 131, దాంట్లోంచి 40 తీసేస్తే 91 డిగ్రీలు. మైనస్ డిగ్రీలు కూడా చూపించాలి కాబట్టి ఆ 40 ముందే కలిపి పెడతారు.

లాగ్‌కి ఆర్‌పీఎం, మ్యాప్, మాఫ్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఫ్యూయల్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి), ఈ ఐదే పెట్టాను. కూలెంట్‌ది డ్యాష్‌బోర్డ్ ముల్లే చూపిస్తుంది. ఇరవై డయళ్లు పెట్టుకుంటే స్క్రీన్ విమానంలో కాక్‌పిట్‌లా ఉంటుంది గానీ, అడాప్టర్ ఒక్కోదాన్ని వరసగా అడుగుతుంది, ఒక రౌండ్ పూర్తయ్యేసరికి రెండు మూడు సెకన్లు పోతాయి, ఆ లోపు మలుపే తిరిగిపోతుంది. ఐదుంటే సెకనుకి ఒకటి రెండు సార్లు వస్తాయి. పాత కే-లైన్ బండ్లలో ఇంకా తక్కువ పెట్టాలి.

బాబాయ్ డ్రైవింగ్, నేను పక్క సీటు. డ్రైవర్ ఫోన్ చూడకూడదు, ఇది నా షరతు, స్క్రీన్ నా వైపే తిప్పి పెట్టాను. కుందులి సంత లేని రోజు చూసుకుని బయల్దేరాం, ఎందుకంటే సంత రోజు కూరగాయల లారీల వెనక పడితే ఫుల్‌గా తొక్కే సందు ఎక్కడా దొరకదు, లాగ్‌లో అంతా సగం సగం అంకెలే వస్తాయి. పొట్టంగి మీదుగా కిందికి దిగేటప్పుడు ఏమీ లేదు, దిగుడులో టర్బోకి పనేముంది. సాలూరు దగ్గర టీ తాగి, కీ ఆన్ చేసి మ్యాప్ మళ్లీ చూశాను, 100. ఎత్తు తగ్గింది, ప్రెషర్ పెరిగింది, సెన్సార్ మళ్లీ పాస్.

పి.కోనవలస దాటి ఎక్కుడు మొదలయ్యాక రికార్డ్ నొక్కాను. మూడో గేర్‌లో 1500 దగ్గర నుంచి పెడల్ పూర్తిగా వదలకుండా తొక్కమన్నాను. మొదట మ్యాప్ చక్కగా పెరిగింది. 110, 120, 135. నూట నలభై దాటాక నెమ్మదించింది. ఆర్‌పీఎం 2000 నుంచి 2400కి పోతోంది, మ్యాప్ మాత్రం 145కీ 152కీ మధ్యే ఊగుతోంది, అక్కడి నుంచి కదలడం లేదు. అద్దంలో చూస్తే వెనక నల్లపొగ. ఇంకో రెండు మలుపులకి లైట్ వెలిగింది, బండి చచ్చుబడింది. యాప్‌లో చూస్తే అదే పీ0299. బాబాయ్ మొహంలో మాత్రం, ‘చూశావా, నేను చెప్పలేదూ’ అన్న సంతోషం, జబ్బు డాక్టర్ ముందే బయటపడింది కదా మరి.

ఫ్యూయల్ రైల్ ప్రెషర్ ఆ టైమంతా 1,30,000 కిలోపాస్కల్ చుట్టూ, అంటే 1300 బార్ దగ్గర, గట్టిగా నిలబడే ఉంది. పంపు, ఫిల్టర్, ట్యాంక్‌లో జాలీ, వీటిని అనుమానించే పని అక్కడితో అయిపోయింది. డీజిల్ ఫిల్టర్ మీద పెట్టిన డబ్బు ఎందుకు పనికిరాలేదో కూడా తెలిసింది.

ఇక గాలి సంగతి. మ్యాప్ తక్కువగా ఉందంటే రెండే మాటలు: టర్బో గాలి తోయడం లేదు, లేదా తోసిన గాలి దారిలో కారిపోతోంది. రెంటికీ కోడ్ ఒకటే, పికప్ పడిపోవడం ఒకటే. వీటిని విడదీసేది మాఫ్. మాఫ్ సెన్సార్ టర్బోకి ముందు, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ పక్కన ఉంటుంది, లోపలికి ఎన్ని గ్రాముల గాలి వెళ్లిందో లెక్కపెడుతుంది. మ్యాప్ చివర్లో, ఇంజిన్ గుమ్మం దగ్గర ఉంటుంది. టర్బో సరిగ్గా తిరగకపోతే మాఫ్ కూడా తక్కువ చూపాలి. లీకైతే మాఫ్‌లో గాలి ఎక్కువ, మ్యాప్‌లో ప్రెషర్ తక్కువ.

ఎంత ఎక్కువ అన్నది కంటితో చెప్పలేం, లెక్క వెయ్యాలి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. 2400 ఆర్‌పీఎం అంటే సెకనుకి 40 చుట్లు, 20 పీల్పులు, ఒక్కోటి 2.5 లీటర్లు, మొత్తం సెకనుకి 50 లీటర్లు. ఆ లీటర్ గాలి బరువెంత? 150 కిలోపాస్కల్ ప్రెషర్, 45 డిగ్రీల వేడి దగ్గర 1.64 గ్రాములు. ప్రెషర్‌ని పాస్కల్స్‌లో తీసుకుని, 287తోనూ, డిగ్రీలకి 273 కలిపిన అంకెతోనూ భాగిస్తే ఘనమీటర్‌కి కిలోల్లో వస్తుంది, లీటర్‌కి గ్రాములన్నా అదే. 50ని 1.64తో గుణిస్తే 82. సిలిండర్ ఎప్పుడూ నూటికి నూరు నిండదు, 85 నుంచి 90 శాతం వేసుకుంటే సెకనుకి 70 నుంచి 74 గ్రాములు. ఇంజిన్ నిజంగా తాగుతున్న గాలి అది. ఫోన్‌లో మాఫ్ ఎంత చూపిస్తోంది? 95.

సెకనుకి ఇరవై గ్రాములకి పైగా గాలి మాఫ్ దాటి వచ్చి ఇంజిన్ చేరడం లేదు. టర్బో మాత్రం పాపం ఒళ్లు విరుచుకుని తోస్తూనే ఉంది. నల్లపొగ ఎందుకో కూడా ఇదే చెబుతుంది. ఈసీయూ మాఫ్ మాట నమ్మి 95 గ్రాముల గాలికి సరిపడా డీజిల్ కొడుతోంది, లోపల ఉన్నది 72 గ్రాములు, మిగిలిన డీజిల్ కాలక మసైపోతోంది.

మాఫే అబద్ధం చెబుతుంటే? స్ప్రే కొట్టి ఉన్నారు కదా, అనుమానం సహజం. అందుకే లాగ్‌లో మొదటి భాగానికి వెనక్కి వెళ్లాను. 1500 ఆర్‌పీఎం, మ్యాప్ 120, వేడి 40 డిగ్రీలు ఉన్నచోట లెక్క వేస్తే 36 గ్రాములు రావాలి, మాఫ్ 37 చూపించింది. అక్కడ రెండూ ఒకటే మాట. ప్రెషర్ నూట నలభై దాటాకే దారులు వేరయ్యాయి. సెన్సార్ తప్పైతే మొదటి నుంచీ తప్పుగానే ఉండాలి, ప్రెషర్ చూసుకుని మధ్యలో అబద్ధం మొదలెట్టదు. తక్కువ ప్రెషర్‌లో మూసుకుని, ఎక్కువైతే తెరుచుకునే చీలిక ఏదో ఉందన్నమాట.

ఈ లెక్క వేసేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలు. పెడల్ పూర్తిగా తొక్కిన చోటే వెయ్యండి, మామూలు క్రూజింగ్‌లో ఈజీఆర్ తెరుచుకుని పొగని తిప్పి పంపుతుంది, అప్పుడు మాఫ్ లెక్క కన్నా తక్కువ రావడం మామూలే. యాప్ ఒక్కో అంకెని ఒక్కో క్షణంలో తెస్తుంది కాబట్టి ఆర్‌పీఎం పరుగెడుతున్న చోట వద్దు, ఐదారు సెకన్లు నిలకడగా ఉన్న ముక్క చూసుకోండి, ఘాట్‌లో పొడవాటి ఎక్కుడు ఉన్న చోట అది దొరుకుతుంది. ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత ఈ బండిలో మ్యాప్ సెన్సార్‌తో కలిసి, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ తర్వాత ఉంది. కొన్ని బండ్లలో అది మాఫ్ దగ్గరే ఉంటుంది, అప్పుడు టర్బోకి ముందున్న చల్లగాలి వేడి చూపిస్తుంది, దాంతో లెక్క వేస్తే ఇంజిన్ తాగే గాలి ఉన్నదాని కన్నా ఎక్కువగా తేలుతుంది. ముందు సెన్సార్ ఎక్కడుందో బానెట్ ఎత్తి చూసుకోవాలి.

షెడ్డుకి వచ్చాక బండి చల్లారనిచ్చి ఎయిర్ ఫిల్టర్ పైపు తీసి, టర్బో నోటికి పీవీసీ ఎండ్ క్యాప్ బిగించాం. దానికి ట్యూబ్‌లెస్ వాల్వ్ పెట్టి ఉంచుకున్నాను, ఇలాంటి పనులకే. కంప్రెసర్ గాలి రెగ్యులేటర్‌తో తగ్గించి అర బార్‌తో మొదలెట్టి ఒక బార్ లోపే ఆపాలి, అంతకన్నా ఎక్కించారో సీళ్లు పోతాయి. క్రాంక్ చాంబర్ వైపు గాలి పోతుంది కాబట్టి ఆయిల్ క్యాప్ వదులు చేసి పెట్టుకోండి. అర బార్ దగ్గర సన్నగా శబ్దం వచ్చింది గానీ ఎక్కడో తెలీలేదు. ఇంకొంచెం పెంచేసరికి బుస్సుమంది. సబ్బు నీళ్లు కొట్టనక్కర్లేకపోయింది, కింద చెయ్యి పెడితే వేళ్లకి గాలి తగిలింది.

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే కింది హోస్. క్లాంప్‌కి వేలెడు దూరంలో, అడుగు వైపు, పైనుంచి చూస్తే అస్సలు కనపడని చోట, మూడు నాలుగు సెంటీమీటర్ల చీలిక. పట్టుకుంటే రబ్బరు మెత్తగా, ఉబ్బి ఉంది, లోపల ఆయిల్ తడి. పైపొర చూస్తే బావున్నట్టే ఉంటుంది, రెండు చేతులతో విరిస్తే పెదవి విచ్చుకున్నట్టు తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుపోతోంది. చుట్టూ ఉన్న స్ప్లాష్ షీల్డ్ మీద నల్లటి జిడ్డు వరస కట్టి ఉంది, గాలి ఎటు కొట్టిందో బాణం గుర్తు వేసినట్టు. ఎవరో ఈ మధ్యే ఆ క్లాంప్ కొత్తది వేసి బాగా బిగించారు కూడా. హోస్‌ని మాత్రం తిప్పి చూడలేదు.

బాబాయ్ ఆ ముక్క చేతిలోకి తీసుకుని ఓసారి తెరిచి, ఓసారి మూసి, “దీనికా నలభై వేలు” అన్నాడు. కొత్త హోస్ రెండు వేల లోపే వచ్చింది, విజయనగరం నుంచి బస్సులో వేయించాం. పాతదానికి టేపు చుట్టి నడపొచ్చా అని అడిగాడు, ఎవరైనా అడుగుతారు. ఆయిల్ తడిసిన రబ్బరు మీద ఏ టేపూ నిలవదు, ఘాట్‌లో ఊడితే లారీల ముందు ఆగిపోతావని చెప్పి ఒప్పించాను. కొత్తది బిగించేముందు ఇంటర్‌కూలర్ విప్పి లోపల చేరిన ఆయిల్ వంచేసి కడిగి ఆరబెట్టాం, లేకపోతే కొత్త హోస్‌కీ అదే గతి. కోడ్ కొట్టింది ఆ తర్వాతే.

మళ్లీ అదే దారి, అదే గేర్, అదే ఎక్కుడు. లాగ్‌ల మధ్య పోలిక కావాలంటే రోడ్డు ముక్క కూడా అదే ఉండాలి, జీపీఎస్ కూడా రికార్డ్ అవుతుంది కాబట్టి ఆ చోటు పట్టుకోవడం తేలికే. 2400 ఆర్‌పీఎం దగ్గర మ్యాప్ 196, గాలి వేడి 52, మాఫ్ 92. లెక్క వేస్తే 91 వచ్చింది. నల్లపొగ లేదు, పొట్టంగి దాకా లైట్ వెలగలేదు. మాఫ్ అంకె రిపేర్‌కి ముందు 95, తర్వాత 92. కేవలం మాఫ్ ఒక్కటి చూసి ఉంటే ఈ బండికి ఏ జబ్బూ లేదనిపించేది. మ్యాప్ ఒక్కటే చూసి ఉంటే టర్బో మార్చేవాళ్లం.

ఫోన్ పద్ధతికి ఉన్న హద్దులు కూడా చెప్పాలి. ఈసీయూ ఎంత బూస్ట్ కావాలని అడుగుతోందో ఈ మామూలు యాప్‌లలో చాలా బండ్లకి రాదు, యాక్చుయేటర్‌ని కదిలించి చూసే టెస్టులు ఉండవు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ జోలికి చాలా వరకు పోలేవు. వాటికి కంపెనీ స్కానరే కావాలి. ఇక కోడ్ కొట్టడం. యాప్‌లో ఒక్క బటన్ కాబట్టి లైట్ వెలగ్గానే నొక్కేసేవాళ్లు ఉన్నారు. ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, ఈసీయూ సొంతంగా చేసుకున్న పరీక్షల ఫలితాలన్నీ చెరిగిపోతాయి, మా దగ్గరికి వచ్చేసరికి బండి నోట మాట ఉండదు. కొట్టే ముందు కనీసం స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి.

అడాప్టర్ సాకెట్‌లో అలా వదిలేయడం కూడా మంచి అలవాటు కాదు. 16వ పిన్నుకి కీ తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది, బండి వారం రోజులు కదలకపోతే నీరసంగా ఉన్న బ్యాటరీ కూర్చుండిపోతుంది. పైగా నకలు అడాప్టర్లకి తాళమంటూ ఏదీ లేదు, పక్కన పార్క్ చేసిన ఎవరైనా 1234 కొట్టి కలవొచ్చు. బాబాయ్ కూడా ఒకటి కొనుక్కున్నాడు, వాళ్లబ్బాయి యాప్ పెట్టిచ్చాడు. మొదటి వారమంతా కూలెంట్ 94 అయింది, 96 అయింది అని వాట్సాప్‌లో ఫొటోలు. ఘాట్ ఎక్కేటప్పుడు అంతే ఉంటుంది బాబాయ్, ఫ్యాన్ తిరిగాక దిగిందా లేదా అది చూడు అని చెప్పాల్సి వచ్చింది. కస్టమర్ చేతికి అంకెలిస్తే ఇదొక తలనొప్పి, అయినా నాకు ఇష్టమే.

ఇంకా తేలనిది ఒకటుంది. హోస్‌లోకి అంత ఆయిల్ ఎక్కడిది? టర్బో షాఫ్ట్ పట్టుకుని ఊపి చూశాను, పక్కలకి కొద్దిగా ఆట ఉంది, ముందుకీ వెనక్కీ లేదు, బ్లేడ్లు గోడకి రాసుకున్న గీతలు లేవు. ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని గాలి దారిలోకి పంపే బ్రీదర్ పైపులో జిడ్డు బాగానే ఉంది, దాన్ని కడిగి పెట్టాం. అది బ్రీదర్ నుంచి వచ్చిన ఆయిలే అయితే ఇక చేరదు, టర్బో సీల్ నుంచైతే మళ్లీ చేరుతుంది. వచ్చే ఆయిల్ చేంజ్‌కి ఆ కింది హోస్ ఒక్కటి విప్పి చూస్తానని చెప్పాను. ఈలోపు నెలకోసారి అదే ఎక్కుడు మీద తీసిన లాగ్ ఫైల్ పంపమన్నాను. 2400 దగ్గర మ్యాప్ 190కి తగ్గనంతవరకు టర్బో జోలికి పోయే పని లేదు.